స్టీరింగు వదులైంది, పైగా బోటు కుడికి లాగేస్తోంది: ముందు ఏది చూడాలి?

కాళంగి గట్టు (సూళ్లూరుపేట)
జనవరి 9, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 16 అడుగుల ఫైబరు బోటు, దాని వెనక 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు ఇంజిను ఉన్నాయి. మొదట్లో ఇంజినుకున్న చేతి హ్యాండిలుతోనే తిప్పేవాళ్ళం. ముందు వైపు కూర్చుని నడిపితే దారి బాగా కనిపిస్తుందని రెండేళ్ళ కిందట చక్రం, కేబులు పెట్టించాను. భీమునివారిపాళెం రేవు నుంచి పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి సరుకులు, ఐసు పెట్టెలు, ఒకరిద్దరు మనుషులు, ఇదీ దాని రోజువారీ పని.

సమస్య రెండు రకాలుగా ఉంది. చక్రాన్ని మధ్యలో పట్టుకుని అటూ ఇటూ కదిపితే దాదాపు జానెడు మేర ఊరికే తిరుగుతుంది, ఇంజిను మాత్రం కదలదు. రెండోది, బోటు వేగం అందుకుని నీటి మీదికి లేచిన తరువాత చక్రం కుడికి లాగుతుంది. ఇరకం చేరేలోగా భుజాలు పీకేస్తున్నాయి. నెమ్మదిగా వెళ్ళినప్పుడు ఈ లాగుడు ఉండదు. మొన్న ఎంత లాగుతుందో చూద్దామని చక్రం వదిలేస్తే బోటు గిర్రున కుడికి తిరిగింది. వెనక కూర్చున్న మా బావమరిది ఐసు పెట్టెను పట్టుకోబట్టి నీళ్ళలో పడకుండా ఆగాడు.

చూసిన మెకానిక్కు కేబులు మార్చేయమన్నాడు. కేబులు మారిస్తే రెండూ పోతాయా అన్నది నా ప్రశ్న. చిన్న ఖర్చు కాదు కాబట్టి ముందుగా మీ అనుభవం తెలుసుకోవాలనుకుంటున్నాను.

గూడూరు గాలం (గూడూరు)
జనవరి 9, రాత్రి 9:15

ఇంజిను మెడ దగ్గర స్టీరింగు బిగువును సర్దే ఫ్రిక్షన్ స్క్రూ ఉంటుంది. దాన్ని ఒక చుట్టు బిగించండి. నా 9.9 ఇంజినుకు అదే చేశాను, ఆ తరువాత హ్యాండిలు వదిలినా పెట్టిన చోటే నిలబడుతోంది. కేబులు దాకా వెళ్ళనవసరం లేదని నా అభిప్రాయం.

పాత పానా (తిరుపతి)
జనవరి 9, రాత్రి 10:30

గట్టు గారూ, ముందుగా ఒక మాట. వేగంలో ఉన్నప్పుడు చక్రం వదిలి చూసే పరీక్ష ఇక ఎన్నడూ చేయకండి. ఇంజినును ఆపే ఎర్ర తాడు క్లిప్పు నడిపేవారి ఒంటికి తగిలించి ఉండాలి. మనిషి నీళ్ళలో పడి, పట్టు తప్పిన బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే రావడం జరగరానిదేమీ కాదు. పడిన మనిషికి ముందుగా ఎదురయ్యేది నీళ్ళలో తిరుగుతూ బోటును తోసే ఇంజిను ఫ్యానే.

గాలం గారి సలహా ఆయన ఇంజినుకు సరైనదే, మీ ఇంజినుకు మాత్రం తగదు. ఆ స్క్రూ చేతి హ్యాండిలుతో నడిపేవారి కోసం పెట్టినది. చక్రమూ కేబులూ ఉన్న బోటులో దాన్ని వదులుగా ఉంచాలి. అది బిగిసి ఉంటే ఇంజిను తిప్పిన ప్రతిసారీ ఆ బిగువును కేబులే మోయాలి. హ్యాండిలు తీసి చక్రం పెట్టినవారు చాలా మంది ఈ స్క్రూ సంగతి మరిచిపోతారు. మీది ఎలా ఉందో రేపు చూసి చెప్పండి.

ఇక అసలు సంగతి. మీరు ఒకటే జబ్బుకు రెండు లక్షణాలు అనుకుంటున్నారు. నాకు మాత్రం రెండు వేరు వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. కీళ్ళు వదులైతే బోటు ముక్కు కాసేపు ఎడమకు, కాసేపు కుడికి దారి వెతుక్కుంటున్నట్టు ఊగుతుంది, ఎప్పుడూ ఒకే వైపుకు లాగదు. ఒకే వైపుకు, అదీ వేగంలో మాత్రమే లాగుతోందంటే ఆ బలం నీళ్ళలోనే పుడుతోంది. దానికి కారణం ఇంజిను వాలులోనో, ఫ్యాను పైన ఉండే చిన్న రెక్కలోనో, ఫ్యానులోనో, బోటు బరువు సర్దుబాటులోనో ఉంటుంది. కొత్త కేబులు వేసినా అది పోదు. పైగా వదులుతనం తగ్గాక ఆ లాగుడు చేతికి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, అప్పుడు కొత్త కేబులే చెడ్డదని మీరు తిట్టుకుంటారు.

వదులు ఎక్కడుందో తెలుసుకోవడానికి బోటును ఒడ్డుకు లాగి, ఇంజినును నిటారుగా దించి, కింద నేల తగలకుండా చూసుకోండి. ఒకరు చక్రాన్ని అటూ ఇటూ చాలా నెమ్మదిగా కదుపుతూ ఉంటే, మరొకరు ఒక్కో కీలు మీద వేలు ఆనించి వెనక్కి జరుగుతూ రావాలి. చక్రం వెనక ఉన్న పళ్ళ పెట్టె, అక్కడ కేబులు బిగించిన చోటు, ఇంజిను దగ్గర కేబులు చివరి కడ్డీ, ఆ కడ్డీని ఇంజిను చేతికి కలిపే లింకు, చివరగా ఇంజిను తిరిగే మెడ. వేలికి ఒక పక్కన కదలిక తెలిసి, రెండో పక్కన తెలియని కీలే మీ దొంగ. కంటితో చూస్తే దొరకదు, వేలితోనే దొరుకుతుంది.

చిత్తూరు చుక్కాని (చిత్తూరు)
జనవరి 10, ఉదయం 6:50

పానా గారు చెప్పినదానికి కొంత వివరణ జోడిస్తాను. ఒంటి ఇంజినుతో నడిచే చిన్న బోట్లలో సాధారణంగా ఫ్యాను, వెనక నుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. అంటే కుడి పక్క రెక్క కిందికి దిగుతుంది, ఎడమ పక్క రెక్క పైకి లేస్తుంది. ఫ్యాను షాఫ్టు నీటి ప్రవాహానికి సమాంతరంగా ఉన్నంతసేపు రెండు పక్కలా ఒకే బలం పుడుతుంది. ఇంజిను కాలును, అంటే నీళ్ళలోకి దిగే కింది భాగాన్ని, బోటు వైపుకు మరీ లోపలికి దించితే షాఫ్టు వెనక కొస కిందికి వంగుతుంది. అప్పుడు కిందికి దిగే కుడి రెక్కకు నీరు ఎదురొచ్చినట్టవుతుంది. కుడి పక్కన తోపు పెరిగి, కాలు వెనక భాగం కుడికి తిరగజూస్తుంది, బోటు ముక్కూ కుడికే వెళుతుంది. కాలును బయటికి ఎత్తితే ఇదంతా తారుమారై ఎడమకు లాగుతుంది.

అందువల్ల గట్టు గారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఇంజినును బిగించే బ్రాకెట్టులో వాలు కోసం వరుసగా కొన్ని రంధ్రాలు, వాటిలో ఒక అడ్డు కడ్డీ ఉంటాయి. ఆ కడ్డీ ఇప్పుడు ఎన్నో రంధ్రంలో ఉంది? బోటుకు దగ్గరగా ఉన్న మొదటి రంధ్రంలో ఉంటే, కుడికి లాగడానికి అదొక్కటే చాలు.

ఇరకం రేవు (తడ)
జనవరి 10, మధ్యాహ్నం 1:20

లెక్కలు మీరు చూసుకోండి, నేను చెరువు సంగతి చెబుతాను. పులికాట్‌లో చాలా చోట్ల నీరు నడుము లోతు కూడా ఉండదు. ఎండలు ముదిరితే ఇంకా తగ్గి, గుల్లలు పేరుకున్న మెరకల మీద ఫ్యానుకు కింద ఇంజిను కాలుకు ఉండే రెక్క గీసుకుంటూ పోతుంది. దాన్ని కొందరు స్కెగ్ అంటారు, మేము మడమ అంటాము. ఆ మడమ ఒక వేలి మందం వంగినా బోటు ఒక పక్కకు పోతుంది. వెనక నుంచి ఒక కన్ను మూసి, ఇంజిను మధ్య గీతతో సరిపోల్చి చూడండి. వంగితే సుత్తితో కొట్టకండి, అది అల్యూమినియం పోత కాబట్టి విరుగుతుంది.

ఫ్యాను విప్పి షాఫ్టు కూడా చూడండి. వల నూలు చుట్టుకుని ఉంటే పైకి కనిపించదు, లోపలి సీలును కోసేసి గేరు నూనెలోకి ఉప్పు నీరు దించుతుంది. మాకు అక్కడ దొరికిన నూలు పోగులతో ఒక చిన్న వలే అల్లుకోవచ్చు.

ఇంకొకటి, వెనక పలకను స్క్రూడ్రైవరు పిడితో తట్టుతూ రండి. గట్టిగా టకటకమంటే మంచిది. బొంగురుగా పలికితే ఫైబరు లోపలి చెక్క నాని కుళ్ళిందని అర్థం. అప్పుడు ఇంజినంతా ఊగుతుంది, ఎన్ని కీళ్ళు మార్చినా వదులు పోదు. గట్టు గారు మా రేవులోనే బోటు కడతారు కాబట్టి ఆదివారం నేను కూడా వచ్చి చేయి వేస్తాను.

అరణియార్ అల (పిచ్చాటూరు)
జనవరి 10, రాత్రి 7:05

మధ్యలో నా ప్రశ్న కూడా అడగవచ్చా? నాది హ్యాండిలుతో నడిచే చిన్న ఇంజిను. ఫ్రిక్షన్ స్క్రూ ఎంత బిగించినా పట్టడం లేదు. కిందటి నెల శుభ్రంగా విప్పి, అన్ని చోట్లా గ్రీజు పెట్టిన తరువాతే ఇలా అయింది.

పాత పానా (తిరుపతి)
జనవరి 10, రాత్రి 7:50

అల గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. అన్ని చోట్లా అన్నప్పుడు ఫ్రిక్షన్ ప్లేటుకు కూడా రాశారు. అది బ్రేకు లాంటిది, రాపిడితోనే పని చేస్తుంది. దాన్ని విప్పి గ్రీజు పూర్తిగా తుడిచి, ఆరనిచ్చి బిగించండి. గ్రీజు పెట్టవలసింది మెడకు ఉన్న నిప్పిళ్ళలోనే. బిగించేటప్పుడు కూడా హ్యాండిలు కదిలించడానికి కష్టపడేటంతగా బిగించకండి, ప్రమాదంలో చటుక్కున తిప్పవలసి వస్తుంది.

కాళంగి గట్టు (సూళ్లూరుపేట)
జనవరి 12, సాయంత్రం 6:30

నిన్న ఆదివారం బోటు ఒడ్డుకు లాగాము. రేవు గారు రావడం వల్ల పని సగం తేలికైంది, వారికి కృతజ్ఞతలు. కనిపించినవి కనిపించినట్టు రాస్తున్నాను.

ఫ్రిక్షన్ స్క్రూ పూర్తిగా బిగిసి ఉంది. చక్రం పెట్టినప్పటి నుంచి, అంటే రెండేళ్ళుగా అలాగే ఉందన్నమాట. వదులు చేసి చూశాము. చక్రం కొంత తేలికైంది గాని, ఇంకా బరువుగానే ఉంది.

వాలు కడ్డీ మొదటి రంధ్రంలో ఉంది. చుక్కాని గారు అడగ్గానే నాకు గుర్తుకొచ్చింది. కార్తీకంలో ఐసు పెట్టెలు వెనకకు మార్చినప్పుడు ముక్కు మరీ లేస్తోందని నేనే దాన్ని రెండు రంధ్రాలు లోపలికి జరిపాను. లాగుడు మొదలైంది కూడా ఇంచుమించు అప్పుడే. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు.

మడమ నేరుగా ఉంది. ఫ్యాను వెనక రెండు మూరల నూలు దొరికింది, సీలు బాగానే ఉంది, గేరు నూనె తెల్లబడలేదు, అంటే లోపలికి నీరు దిగలేదు. వెనక పలక గట్టిగానే పలికింది.

వదులు గురించి చెప్పాలంటే, పానా గారి వేలి పరీక్ష మా బావమరిది చేశాడు. లింకు దగ్గరికి వచ్చేసరికి "ఇక్కడ, ఇక్కడ" అని అరిచాడు. కడ్డీ కొస కదులుతోంది, లింకు మాత్రం ఆలస్యంగా బయలుదేరుతోంది. బోల్టు తీసి చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. బోల్టు నడుము కూడా అరిగి సన్నబడింది. దానికి తిరిగి వదులు కాని లాకు నట్టు బదులు ఎవరో మామూలు నట్టు బిగించి, పైన సన్న తీగ చుట్టారు. ఆ తీగ వల్లనే ఇన్నాళ్ళూ ఊడకుండా ఉందనుకుంటాను.

ఇప్పుడు ఆ రంధ్రానికి వెల్డింగు పోయించి, లెయిత్ షాపులో మళ్ళీ గుండ్రంగా బోరు కొట్టించవచ్చా? ఊళ్ళోనే పని అయిపోతుంది.

పాత పానా (తిరుపతి)
జనవరి 12, రాత్రి 8:10

వెల్డింగు వద్దు. అది బోటు మొత్తానికి దిక్కు చూపించే కీలు. కాలిన లోహం పెళుసెక్కి, ఒకనాడు చెరువు మధ్యలో పుటుక్కుమంటే మీ చేతిలో చక్రం మిగులుతుంది. లింకు కడ్డీ, బోల్టు, లాకు నట్టు కొత్తవి కొనండి. తడ నుంచి చెన్నై దగ్గరే కాబట్టి కాసిమేడు చుట్టుపక్కల దుకాణాల్లో అడగండి. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళండి. లాకు నట్టు ఒకసారి విప్పిన తరువాత దాని నైలాను పట్టు తగ్గుతుంది, మళ్ళీ అదే బిగించకుండా రెండు అదనంగా తెచ్చుకోండి.

అయితే పని ఇక్కడితో ఆపకండి. ఆ రంధ్రం ఎందుకు సాగింది? ఫ్రిక్షన్ స్క్రూ వదులు చేశాక కూడా చక్రం బరువుగానే ఉందని మీరే రాశారు. లింకు విప్పి ఉండగానే ఒక పరీక్ష చేయండి. ఇంజినును చేతితో అటూ ఇటూ తోసి చూడండి, తరువాత చక్రాన్ని తిప్పి చూడండి. ఇంజిను తేలికగా తిరిగి చక్రం బరువుగా ఉంటే తప్పు కేబులులోనో, ఆ కడ్డీ దూరే టిల్ట్ ట్యూబులోనో ఉంది. చక్రం తేలికగా ఉండి ఇంజిను బరువుగా ఉంటే మెడలోని పాత గ్రీజు గడ్డ కట్టింది.

నా అనుమానం టిల్ట్ ట్యూబు మీద. ఉప్పు నీళ్ళలో తిరిగే బోటులో ముందుగా బిగుసుకునేది అదే.

కాళంగి గట్టు (సూళ్లూరుపేట)
జనవరి 14, ఉదయం 9:45

మీ అనుమానం నిజమైంది. ఇంజిను ఒంటి చేత్తో తిరిగింది, చక్రం మాత్రం రెండు చేతులా పట్టి తిప్పవలసి వచ్చింది. ట్యూబు కొసన ఉన్న పెద్ద నట్టు విప్పి కేబులు కడ్డీని బయటికి లాగబోతే రాలేదు. తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా ఉంచాము. ఉదయం చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొద్ది కొద్దిగా తట్టితే, కీచుమంటూ అంగుళం, ఇంకో అంగుళం, చివరికి మొత్తం వచ్చింది. ట్యూబు లోపల బూడిద రంగు ముద్ద, వేలితో నలిపితే ఎండిన సున్నంలా పొడి రాలింది. ఉప్పూ, పాత గ్రీజూ, అల్యూమినియం తుప్పూ కలిసి అలా అయిందని రేవు గారు చెప్పారు. సన్న కర్రకు గుడ్డ చుట్టి, గొట్టం రెండు వైపులా మెరిసేదాకా తోమాము. కడ్డీని నీటి ఇసుక కాగితంతో తేలికగా రుద్ది నునుపు చేశాము.

కడ్డీ బయట ఉండగా చక్రం తిప్పితే హాయిగా తిరిగింది. అందువల్ల కేబులు మార్చనవసరం లేదని మేము అనుకుంటున్నాము. పానా గారు సరేనంటే కొత్త గ్రీజు పెట్టి బిగిస్తాము.

పాత పానా (తిరుపతి)
జనవరి 14, మధ్యాహ్నం 12:20

కేబులు పై తొడుగును చేత్తో తడుముతూ చివరిదాకా రండి. ఎక్కడా పగుళ్ళు, లోపలి తుప్పు వల్ల వచ్చే ఉబ్బులు లేకపోతే ఉంచుకోండి. కేబులు లోపల నూనె పోయడం కొందరికి అలవాటు, దాని వల్ల ప్రయోజనం లేదు. లోపల తుప్పు పట్టిన కేబులుకు మందు లేదు, మార్చడమే.

చూశారా, లింకు దానంతట అది అరగలేదు. ట్యూబు బిగుసుకుంది, స్క్రూ కూడా బిగిసి ఉంది, మీరు చక్రం మీద బలం పెట్టారు. ఆ బలమంతా మధ్యలో ఉన్న ఒక్క బోల్టు మీద పడి రంధ్రాన్ని సాగదీసింది. లింకు ఒక్కటే మార్చి ఉంటే వచ్చే సంక్రాంతికి మళ్ళీ ఇదే ప్రశ్న ఇక్కడ అడిగేవారు.

గ్రీజు పెట్టేటప్పుడు జాగ్రత్త. నీటికి కరగని మెరైన్ గ్రీజే వాడండి. ట్యూబుకు నిప్పిలు ఉంటే, గ్రీజు గన్ను పెట్టే ముందు చక్రం తిప్పి కడ్డీని పూర్తిగా ట్యూబు లోపలికి లాగించండి. కడ్డీ బయటికి చాచి ఉండగా గ్రీజు కొడితే, ఆ ఖాళీ అంతా గ్రీజుతో నిండిపోయి, కడ్డీ వెనక్కి రావడానికి చోటుండదు. చక్రం ఒక వైపు తాళం వేసినట్టు ఆగిపోతుంది. ఈ పొరపాటు నేనూ ఒకసారి చేశాను, కేబులు కొస వంగింది. ఆ బోటు యజమాని నన్ను ఏమీ అనలేదు గాని, మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

గూడూరు గాలం (గూడూరు)
జనవరి 14, రాత్రి 9:00

నా మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. లాగుడు సంగతికి వస్తే, ఫ్యాను పైన ఉండే చిన్న రెక్కను లాగే వైపుకు వ్యతిరేకంగా తిప్పాలని విన్నాను. కుడికి లాగితే తోక ఎడమకు. ఇది సరైనదేనా?

చిత్తూరు చుక్కాని (చిత్తూరు)
జనవరి 14, రాత్రి 9:40

వినడానికి సబబుగా ఉంటుంది గాని, జరగవలసింది దానికి వ్యతిరేకం. బోటు ఎటు లాగుతుంటే రెక్క తోకను అటే తిప్పాలి. తోక కుడికి తిరిగి ఉంటే ఎదురుగా వచ్చే నీరు దాని కుడి ముఖానికి తగిలి, ఇంజిను కాలు వెనక భాగాన్ని ఎడమకు నెడుతుంది. కుడికి లాగే బోటులో కాలు వెనక భాగం కుడికి తిరగజూస్తోంది కదా, దాన్ని ఆపేది ఈ నెట్టుడే. ఎడమకు తిప్పితే లాగుడు ఇంకా పెరుగుతుంది.

అయితే గట్టు గారు రెక్క జోలికి వెళ్ళే ముందు వాలు కడ్డీని సరి చేయాలి. వాలు తప్పుగా ఉంచి రెక్కతో సర్దితే, మళ్ళీ వాలు మార్చిన రోజున బోటు ఎడమకు లాగుతుంది. ఒకసారి నీటి మీదికి వెళ్ళి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే దేని వల్ల ఏం జరిగిందో తెలియదు.

ఇంజిను ఎత్తు కూడా కొలవండి. ఫ్యానుకు పైన అడ్డంగా ఉండే యాంటీ క్యావిటేషన్ ప్లేటు బోటు అడుగుకు సమానంగా గాని, దానికి 25 మిల్లీమీటర్ల లోపు కిందికి గాని ఉండాలి. షార్ట్ షాఫ్టు ఇంజిను 15 అంగుళాల పలకకు, లాంగ్ షాఫ్టు 20 అంగుళాల పలకకు సరిపోతుంది. ఇంజిను మరీ పైకి ఉంటే ఆ చిన్న రెక్క వేగంలో నీటి పైకి తేలిపోతుంది, ఎటు తిప్పినా లాభం ఉండదు.

కాళంగి గట్టు (సూళ్లూరుపేట)
జనవరి 19, రాత్రి 8:15

పండుగ వల్ల ఆలస్యమైంది, మన్నించండి. కొత్త లింకు, బోల్టు, నట్లు వచ్చాయి. బిగించాక చక్రంలో వదులు జానెడు నుంచి రెండు వేళ్ళకు తగ్గింది. మిగిలినది పళ్ళ పెట్టెలోనిదే, అది కొత్తలో కూడా ఉండేది. చక్రం ఇప్పుడు నా కూతురు కూడా తిప్పగలిగేంత తేలికగా ఉంది.

ప్లేటు బోటు అడుగుకు 15 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఇంజిను సరిగ్గా నడి గీత మీదే ఉంది.

ఉదయం గాలి లేని వేళ నీళ్ళలోకి దిగాము. వాలు కడ్డీని ముందు ఒక రంధ్రం బయటికి జరిపాము. సగం వేగంలో లాగుడు దాదాపు పోయింది. పూర్తి వేగంలో ఇంకా కొద్దిగా కుడికి ఉంది. ఇంకో రంధ్రం బయటికి తీస్తే ముక్కు లేచి, బోటు ఎగిరెగిరి పడడం మొదలుపెట్టింది. అందుకని దాన్ని వెనక్కి తెచ్చి, ఐసు పెట్టెలలో ఒకదాన్ని మధ్య పలక దగ్గరికి మార్చాము. ముందు నుంచీ చేయవలసింది అదే, బరువును కదిలించకుండా ఇంజినును వంచాను.

ఆ తరువాత రెక్క దగ్గరికి వచ్చాము. అది తోక కొద్దిగా ఎడమకు ఉండేలా బిగించి ఉంది, అంటే రెండేళ్ళుగా అది కూడా కుడికే తోస్తోంది. పాత చోటు తెలిసేలా మేకుతో ఒక గీత గీసి, బోల్టు వదులు చేసి, తోకను వేలి గోరు మందం కుడికి తిప్పి బిగించాము. రెండో పరుగులో పూర్తి వేగంలో కూడా చక్రం నా చేతుల్లో ఊరికే కూర్చుంది. వదలలేదు పానా గారూ, రెండు వేళ్ళతో పట్టుకునే చూశాను. ఎర్ర తాడు మణికట్టుకు ఉంది.

ఇరకం రేవు (తడ)
జనవరి 19, రాత్రి 8:50

నేను పక్కనే ఉన్నాను, నిజమే. తిరుగు ప్రయాణంలో నలుగురు ఎక్కాక కొంచెం ఎడమకు లాగినట్టు నాకు అనిపించింది. గట్టు గారు లేదంటున్నారు.

చిత్తూరు చుక్కాని (చిత్తూరు)
జనవరి 19, రాత్రి 9:30

రేవు గారికి అనిపించింది సరైనదే కావచ్చు. నలుగురు ఎక్కితే బరువూ వేగమూ మారతాయి, షాఫ్టు వాలూ మారుతుంది. ఆ రెక్క ఒక్క వేగానికి, ఒక్క బరువుకు మాత్రమే సరిగ్గా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఏ బరువుతో తిరుగుతారో దానికి అమర్చుకుని, మిగిలిన రోజుల్లో ఆ కొద్దిపాటి లాగుడును చేతితోనే ఓర్చుకోవాలి.

పాత పానా (తిరుపతి)
జనవరి 20, ఉదయం 7:00

గట్టు గారూ, ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ రెక్కకు రంగు వేసి ఉందా?

కాళంగి గట్టు (సూళ్లూరుపేట)
జనవరి 20, మధ్యాహ్నం 2:10

ఉంది. కిందటి వేసవిలో ఇంజిను కాలుకు నల్ల రంగు వేయించినప్పుడు దానికి కూడా వేశారు. చూడడానికి బాగానే ఉందనుకున్నాను.

పాత పానా (తిరుపతి)
జనవరి 20, మధ్యాహ్నం 2:45

పూర్తిగా గీకేయండి. అది దారి సర్దడానికే కాదు, యానోడు కూడా. ఉప్పు నీళ్ళలో ముందుగా తాను కరిగి, మీ ఇంజిను కాలు కరగకుండా కాపాడుతుంది. రంగు వేస్తే ఆ పని ఆగిపోయి, తుప్పు కాలు మీద పడుతుంది. అది కూర్చునే చోటు కూడా శుభ్రంగా లోహానికి లోహం తగిలేలా ఉండాలి. సగం పైగా కరిగిన తరువాత కొత్తది వేయండి. మంచినీటి చెరువుల్లో తిరిగేవారు మెగ్నీషియం వాడతారు, పులికాట్ లాంటి ఉప్పు కలిసిన నీటికి అది పనికిరాదు, త్వరగా కరిగిపోతుంది. మీరు అల్యూమినియంది అడగండి. సాయంత్రం బోటు కట్టేశాక ట్యూబు కొసను, లింకును ఒక చెంబు మంచినీళ్ళతో కడిగే అలవాటు చేసుకోండి.

ఇరకం రేవు (తడ)
జనవరి 20, సాయంత్రం 5:30

గట్టు గారు యానోడు కోసం మళ్ళీ కాసిమేడు వెళ్ళేటట్టుంటే నాకు కూడా రెండు లాకు నట్లు తీసుకురావాలి. ఈ చర్చ చదివిన తరువాత నా బోటు లింకు చూసుకున్నాను, నాకూ తీగే చుట్టి ఉంది.